గిర్నిలో గురుకులము

అన్నము పరబ్రహ్మ స్వరూపమని మన పెద్దలు చెప్పిరి. ఆ అన్నమును పండించు రైతును కొనియాడుట మన కవులకు ఆచారము. వండి వడ్డించు ఇల్లాలిని అన్నపూర్ణ యని మన్నించుట లోకమునకు ఆచారము. ఈ ఇరువురి నడుమ నిలిచి, కళ్ళమునుండి వచ్చిన వడ్లను వంటయింటికి తగిన బియ్యముగా మార్చు మూడవవాని మాట మాత్రము ఎవరి తలపునకును రాదు. అతడు తన విద్యను ఎవరి చెంత నేర్చెను, ఎన్నేండ్లకు నేర్చెను, తన తరువాత దానిని ఎవరికి అప్పగించును అను ప్రశ్నలు ఏ సభలోను వినబడవు. అడుగవలసిన కాలము మాత్రము వచ్చినది.

యాసంగి కోతలు ముగియు వైశాఖ దినములలో కరీంనగరమునుండి పెద్దపల్లికి పోవు బాటసారికి, సుల్తానాబాదు దగ్గరపడునప్పటికి గాలిలో ఒక వాసన సోకును. అది పచ్చివడ్ల వాసన కాదు, ఉడికిన అన్నపు వాసనయు కాదు. ఆ రెండింటి నడిమిది. ఆవిరిలో మగ్గిన వడ్ల వాసన అది. బాటకు ఇరువైపుల ఊకపొగ విడుచు గొట్టములు, బస్తాల లారీల బారులు కనబడును. ఆ ప్రహరీలలో దేనిలోనికి పోయినను ఇంచుమించు ఒకే దృశ్యము. తల నెరసిన ఆపరేటరు ఆరిన వడ్లనుండి పిడికెడు తీసి, కొత్తగా చేరిన కుర్రవాని అరచేతిలో పోసి, "కొరికి చూడు బిడ్డా" అనును. కుర్రవాడు కొరుకును.

"ఇరిగింది కాకా."

"టక్కుమని ఇరిగిందా, మెత్తగ నలిగిందా?"

ఈ రెండవ ప్రశ్నకు ఉత్తరము చెప్పగలుగుటకు కొందరికి ఒక పంటకాలము పట్టును, కొందరికి మూడు పట్టును. చెప్పగలిగిన దినమున ఆ కుర్రవాడు కూలివాని స్థితి దాటి పనివాడగును. కూలివానికిని పనివానికిని నడుమ నున్న ఆ దూరమును దాటించు బాధ్యత ఎవరిదన్నదే ఉత్తర తెలంగాణములోని ఆహార పరిశ్రమల ముందు నేడు నిలిచిన ప్రశ్న.

జంట తప్పిన మాట

పనివిద్య చరిత్రను పనిచోటి మాటలే కొంత చెప్పగలవు. ధాన్యపు మరను ఈ ప్రాంతమువారు గిర్ని యందురు. అది మరాఠీ సీమ మాట. గోదావరికి ఆవలి ఒడ్డున ఆ భాష వినబడుచునే యుండును. పని చేయించు పెద్దను మేస్త్రీ యందురు. అది పోర్చుగీసువారి మాట, గురువని దాని అర్థము. యంత్రముల పని తెలిసినవానిని ఉస్తాదు అందురు; అది పారసీకమునుండి ఉర్దూ ద్వారా వచ్చి నిజాము పాలనలో తెలుగు నాలుకలపై కుదురుకొన్నది. ఉస్తాదునకు జంటగా శాగిర్దు అను మాట కలదు. నేర్చుకొనువాడని దాని అర్థము. ఉస్తాదు నేటికిని కార్ఖానాలలో నిలిచియున్నాడు. శాగిర్దు మాత్రము మాటలోనుండి జారిపోయినాడు. గిర్నిలో చేరిన కుర్రవానికి ప్రత్యేకమైన పేరు లేదు. అతడు వట్టి "పోరడు". పేరు లేనివానికి పాఠమును లేదు, పట్టాయును లేదు. ఈ లోపము భాషలో పుట్టినది కాదు. వ్యవస్థలోని లోపమే భాషలో కనబడుచున్నది.

నీరు తెచ్చిన పని

ఒకప్పుడు కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో జొన్నరొట్టె, మక్కగటక నిత్యాహారము. వరి యన్నము పండుగనాటి భోగము. 1963లో పోచంపాడు వద్ద గోదావరిపై ఆనకట్టకు నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసెను. దానినుండి వెడలిన కాకతీయ కాలువ కరీంనగరు మెట్టభూములను మాగాణములుగా మార్చినది. నీటి వెంట వరి, వరి వెంట గిర్నులు వచ్చినవి. సుల్తానాబాదు, పెద్దపల్లి, జమ్మికుంట, హుజూరాబాదు మొదలగు పట్టణములు బియ్యపు మిల్లులకు పేరుపొందినవి. 2016 అక్టోబరులో పాత కరీంనగరు జిల్లానుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, పాత ఆదిలాబాదునుండి మంచిర్యాల, నిర్మలు, కుమురం భీము ఆసిఫాబాదు జిల్లాలును ఏర్పడినను, గోదావరి కిరువైపుల నున్న ఈ గిర్నుల లోకము ఒక్కటియే.

ఈ లోకమునకు ఒక విశేషము కలదు. ఇచ్చటి రెండవ పంట ఏప్రిలు, మే నెలల ఎండలలో కోతకు వచ్చును. ఆ ఎండకు గింజ వేగముగా ఆరి, లోపల కంటికి కానరాని చీలికలు పుట్టును. అట్టి వడ్లను నేరుగా మరాడించినచో బియ్యము తగ్గి నూక పెరుగును. దీనికి విరుగుడు ఉప్పుడు బియ్యము. వడ్లను నీట నానబెట్టి, ఆవిరిపట్టి, తిరిగి ఆరబెట్టినచో, ఆ వేడికి గింజలోని పిండిపదార్థము జిగురుగా మారి చీలికలను అతుకును. పై పొరలలోని బి-విటమినులు కొంతవరకు లోనికి ఇంకుటయు దీనివలన కలుగు మేలు. ప్రభుత్వమునకు బియ్యము అప్పగించు మిల్లులు 100 కిలోల వడ్లకు పచ్చిబియ్యమైన 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైన 68 కిలోలు ఇయ్యవలెనని లెక్క. ఆ బియ్యములో నూక పచ్చిదానికి 25 పాళ్ళవరకును, ఉప్పుడుదానికి 16 పాళ్ళవరకును మాత్రమే అంగీకారము. ఎండకాలపు పంటతో ఈ లెక్క కుదుర్చుటకు నేర్పరి కావలెను.

విచిత్రమేమనగా, తెలంగాణ ప్రజలు సాధారణముగా ఉప్పుడు బియ్యము తినరు. అది కేరళ, తమిళ దేశముల వంటి చోట్లకు పోవును. తమ యింట వండని బియ్యమును తయారుచేయుటలో ఇచ్చటివారు ఆరితేరినారు. 2021–22లో కేంద్రము ఇకమీదట ఉప్పుడు బియ్యమును మునుపటివలె కొనజాలననగా, ఆ నేర్పునకే ముప్పు వచ్చినట్లయినది. రైతుల ఆందోళన పత్రికల కెక్కినది. మిల్లుల యజమానుల ఆందోళనయు ఎక్కినది. ఆవిరి తొట్ల వద్ద ముప్పది యేండ్లు గడపిన ఆపరేటరు ఏమగునని మాత్రము ఎవరును వ్రాయలేదు.

కన్ను, చెవి, ముక్కు, చేయి

ఈ విద్య ఎట్లు అబ్బునో చూతము. కుర్రవాడు మొదట చీపురు పట్టును, బస్తాల నోళ్ళు విప్పును. జల్లెడల వద్ద రాయి, గడ్డి, తప్పగింజలు వేరగుట చూచును. కొన్నాళ్ళకు ఊక మోయుటకు బాయిలరు చెంతకు పంపుదురు. 100 కిలోల వడ్లనుండి సుమారు 20 కిలోల ఊక వచ్చును. ఆ ఊకయే బాయిలరునకు మేత. వడ్లు తమ పొట్టుతోనే తాము ఉడుకుట అతడు నేర్చు మొదటి అర్థశాస్త్రము.

తరువాత నానబెట్టు తొట్లు. చల్లని నీటిలో రెండు, మూడు దినములు నానబెట్టుట పాత పద్ధతి. నీరు పులిసి బియ్యమునకు దుర్వాసన పట్టుట దానిలోని దోషము. మైసూరులో 1950లో నెలకొన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము వేడినీటితో కొన్ని గంటలలోనే నానబెట్టు పద్ధతిని రూపొందించి దేశమునకు అందించినది. పద్ధతి మారినను పరీక్షించునది ముక్కే. తొట్టి మూత తీసినప్పుడు వచ్చు ఆవిరిని పసికట్టి నీరు మార్చవలెనో వలదో చెప్పువాడు ఉస్తాదు.

ఆరబెట్టుట అన్నింటికన్న కఠినము. నానిన గింజలో మూడవ వంతు వరకు తడి యుండును; దానిని 14 పాళ్ళకు దింపవలెను. ఒక్కసారిగా వేడిచేసినచో అతికిన చీలిక మరల పగులును. ఆలసించినచో బూజు పట్టును. ఆరబెట్టుట నడుమ గింజకు కొంత విశ్రాంతి ఇచ్చి, లోపలి తడి పైకి వచ్చిన తరువాత తిరిగి ఆరబెట్టవలెను. పంటితో కొరికి చూచుట ఇందులకే. తడిని కొలుచు యంత్రములు నేడు ప్రతి గిర్నిలోను కలవు. యంత్రము అంకె చెప్పును. ఆ అంకెను చూచి వేడి పెంచవలెనో, విశ్రాంతి ఇయ్యవలెనో అది చెప్పదు.

పొట్టు తీయుచోట చెవికి పని. రెండు రబ్బరు రోలర్లు వేర్వేరు వేగములతో తిరుగుచు గింజను ఒరసి పొట్టు విప్పును. రబ్బరు అరిగినకొలది వాని మధ్య ఎడము సరిచేయుచుండవలెను. ఎడము తక్కువైన గింజ విరుగును, ఎక్కువైన వడ్లు వడ్లుగనే పోవును. అనుభవజ్ఞుడు రోలర్ల చప్పుడు మారుటతోనే చేయి చాచును. తెలుపు పట్టుచోట చేతికిని కంటికిని పని. వెలువడు బియ్యము అరచేతికి చురుక్కుమన్న ఒత్తిడి మించినదని అర్థము. తవుడు గుప్పిట పట్టి వేళ్ళ నడుమ నలిపినప్పుడు బియ్యపు తునకలు తగిలినచో, యజమాని సొత్తు తవుడు ధరకు పోవుచున్నదని అర్థము. ఊకలో గింజ కనబడినచో పొట్టును ఊదు గాలి హెచ్చినదని అర్థము. రంగు మారిన గింజలను వెలుతురుతో పసికట్టి వేరుచేయు సార్టెక్సు యంత్రము చివర నుండును. కాని మొదట జరిగిన తప్పును చివరి యంత్రము దిద్దజాలదు.

దినమునకు 100 టన్నుల వడ్లు ఆడు గిర్నిలో ఈ నేర్పు వలన నూటికి ఒక్క కిలో బియ్యము మిగిలినచో, దినమునకు ఒక టన్ను బియ్యము మిగిలినట్లు. కుర్రవానికి రెండేండ్లు పాఠము చెప్పుటకగు వ్యయము ఈ లెక్క ముందు ఏపాటిది?

పట్టా ఎవరికి?

ఇంత విద్య నేర్చినవానికి ఏ గుర్తింపును లేదా అన్న, గిర్నిలో ఒక్కరికి కలదు. బాయిలరు నడుపువానికి ప్రభుత్వపు యోగ్యతాపత్రము తప్పనిసరి. 1923 నాటి చట్టము ఈ క్రమమును స్థిరపరచినది. 2025లో పార్లమెంటు దాని స్థానమున కొత్త చట్టము చేసినది. నిర్ణీత కాలము బాయిలరు వద్ద పనిచేసి, పరీక్షకుల యెదుట నిలిచి, రెండవ తరగతి పట్టాను, పిమ్మట మొదటి తరగతి పట్టాను పొందవలెను. కారణము స్పష్టము. బాయిలరు పేలినచో ప్రాణములు పోవును. నూక పెరిగినచో ఎవరి ప్రాణమును పోదు. కావున బియ్యము తెలిసినవానిని పరీక్షించువారు లేరు.

పై చదువులకు మాత్రము ద్వారములు తెరచియే యున్నవి. పొరుగున నున్న పాత నిజామాబాదు జిల్లాలో రుద్రూరున ఆహార విజ్ఞాన కళాశాలయు, కామారెడ్డిలో పాడి సాంకేతిక కళాశాలయు కలవు. తమిళనాట తంజావూరులోని జాతీయ సంస్థ 1967లో వడ్ల శుద్ధికై పుట్టిన చిన్న పరిశోధన కేంద్రమునుండి పెరిగినదే. పట్టభద్రులు వచ్చుచున్నారు, రావలసినదే. కాని రాత్రి రెండు గంటలకు రోలరు చప్పుడు మారినప్పుడు మేల్కొని యుండువాడు పదవ తరగతితో చదువు చాలించిన కుర్రవాడు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చినవాడు వచ్చినను, అతనికి ఇనుము తెలియును గాని వడ్లు తెలియవు. గిర్ని ఆపరేటరు వృత్తికి జాతీయ స్థాయిలో ఒక పాఠ్యప్రమాణము ఏర్పడియే యున్నది. అది కాగితమునుండి గిర్ని గడప దాటి లోనికి రావలసి యున్నది.

1961లో పార్లమెంటు అప్రెంటిసుల చట్టము చేసినది. అందులో ఒక ముఖ్యమైన మాట కలదు: అప్రెంటిసు శిక్షణార్థి, కార్మికుడు కాడు. యజమానికిని అతనికిని వ్రాతపూర్వకమైన ఒడంబడిక యుండవలెను. నిర్ణీత కాలములో నిర్ణీత విద్య నేర్పవలెను. నేర్చుకొను కాలమున భృతి నీయవలెను. తుదిని పరీక్ష జరుపవలెను. 2019లో సవరించిన నియమముల ప్రకారము 30 మంది లేక అంతకు మించి పనిచేయు సంస్థలు తమ సిబ్బందిలో నూటికి రెండున్నర మొదలు 15 వరకు అప్రెంటిసులను తీసికొనవలెను; అంతకన్న చిన్న సంస్థలకు అది ఐచ్ఛికము. 2016లో ఆరంభమైన జాతీయ ప్రోత్సాహక పథకము భృతిలో నాలుగవ వంతు, 1,500 రూపాయలకు మించకుండ, ప్రభుత్వమే భరించుటకు ఏర్పాటుచేసినది.

చట్టము చెప్పిన మాట రెండంచుల కత్తి. శిక్షణార్థి కార్మికుడు కాడన్నప్పుడు కార్మికునికి గల హక్కులు పెక్కు అతనికి వర్తింపవు. వానికి బదులుగా చదువు దొరకవలెను. చదువు చెప్పక పని మాత్రము చేయించుకొన్నచో, అతడు కార్మికుడును కాక, విద్యార్థియును కాక, రెంటికి చెడిన రేవడి యగును. మరొకవైపు, ఒడంబడికయే లేక "పోరడు"గా చేరినవానికి నేర్పవలసిన బాధ్యత ఎవరికిని ఉండదు. ఉస్తాదు మనసున్న నేర్పును, లేకున్న మానును. తన పట్టు విడిచిన తన కొలువే పోవునను భయము అతనిది. అదియు అకారణము కాదు. పని చేయించుకొనుట వేరు, పని నేర్పుట వేరు. రెండవదానికి కాలమును, వేతనమును కేటాయింపనిచో మొదటిదే మిగులును.

దీని ఫలితము కంటి ఎదుటనే యున్నది. ఈ ప్రాంతపు యువకులు వేలకొలది గల్ఫు దేశములకు పోవుచున్నారు. ఇచ్చటి గిర్నులలో బస్తాలు మోయుటకు బీహారు మొదలగు రాష్ట్రములనుండి యువకులు వచ్చుచున్నారు. జగిత్యాల కుర్రవాడు దుబాయిలో ఇటుకలు మోయుచుండగా, వాని ఊరి ప్రక్క గిర్నిలో ఉస్తాదు తన తెలుగును భోజపురి కుర్రవానికి సైగలతో చెప్పుచున్నాడు. ఇద్దరు కుర్రవారును కష్టజీవులే. ఇద్దరికిని పని దొరికినది, విద్య దొరకలేదు.

మూతబడిన బడి

పనివిద్యకు ఆధారమైన చోటు పోయిన ఏమగునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. మెట్‌పల్లికి చేరువనున్న ముత్యంపేటలో నిజాము చక్కెర కర్మాగారపు శాఖ యొకటి కలదు. మూల కర్మాగారము 1937లో ఏడవ నిజాము కాలమున బోధనులో స్థాపితమైనది. 2002లో అధిక భాగము ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయినది. 2015 డిసెంబరులో బోధను, ముత్యంపేట, మెదకు జిల్లాలోని మంబోజిపల్లి కర్మాగారములు మూడును మూతబడినవి.

చక్కెర వండుట వడ్లు ఆడించుటకన్న సున్నితమైన విద్య. నరికిన చెరుకును ఆలసింపక ఆడింపవలెను. ఆలస్యమైన కొలది చక్కెర తరుగును. రసమును తేరిచి, చిక్కబరచి, గాలి తీసివేసిన పెద్ద మూతపెనములలో తక్కువ వేడిమికి మరగింతురు. ఆ పెనము ముందు నిలుచువాడు పాన్‌మన్. అతడు సన్నని సాధనముతో పాకమును కొంచెము తీసి, గాజుపలకపై పూసి, దీపమునకు ఎదురుగా పట్టి చూచును. స్ఫటికములు ఒకే పరిమాణమున పెరుగుచున్నవా, నడుమ కొత్త సన్నగింజ పుట్టి పాకమును చెడగొట్టుచున్నదా అన్నది అతడు క్షణములో గుర్తింపవలెను. చెరుకు ఆడు కాలము ఏడాదికి కొద్ది నెలలు మాత్రమే. కావున చేతి వాటము కుదురుటకు ఎన్నో కాలములు గడువవలెను. 1936లో కాన్పురమున నెలకొన్న చక్కెర సాంకేతిక సంస్థ ఈ పాకవిద్యకు ప్రత్యేకముగా పట్టా ఇచ్చుచుండుట గమనింపదగినది. చక్కెర వండువానికి పరీక్షయు పట్టాయు సాధ్యమైనప్పుడు బియ్యము చేయువానికి ఏల సాధ్యము కారాదు?

ముత్యంపేట మూతబడగా రైతులు చెరుకు మాని వరికి, పసుపునకు, మక్కకు మరలిరి. రైతు పంట మార్చుకొనగలడు. పాన్‌మన్ తన కన్నును దేనికి మార్చుకొనగలడు? 2024లో రాష్ట్ర ప్రభుత్వము ఈ కర్మాగారముల పునరుద్ధరణను పరిశీలించుటకు ఒక సంఘమును నియమించినది. ఇనుము తుప్పుపట్టిన కొత్త ఇనుము కొనవచ్చును. కాని పదేండ్లు పెనము వెలుగని చోట పాకము చూచు కన్ను గలవారు ముసలివారగుదురు, వారి చెంత నిలిచి చూచు కుర్రవారు ఉండరు. గొలుసులో తెగినది ఒక తరమే. అతుకుటకు మాత్రము అంతకన్న ఎక్కువ కాలము పట్టును.

పాల తడి, పూల తడి

నిరాశపడవలసిన పనిలేదు. నేర్చుకొనువాడే యజమానియైన చోట్ల విద్య నిలిచిన ఉదాహరణలు ఈ ప్రాంతముననే కలవు. పాత కరీంనగరు జిల్లాలో నుండి, జిల్లాల పునర్విభజనలో వరంగల్లు వైపు చేరి, నేడు హనుమకొండ జిల్లాలో నున్న ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో సహకార సంఘము వెలసినది. అప్పు ఇచ్చుటతో మొదలై, వడ్ల మిల్లు, విత్తనశుద్ధి మున్నగు పనులకు అది విస్తరించినది. ఆ ఊరనే 2000లో మహిళల సహకార డెయిరీ ఆరంభమై స్వకృషి యను పేరుతో పాలు అమ్ముచున్నది. పాలు పోయువారును మహిళలే, పాలకవర్గమును మహిళలే.

పాలకు వడ్లవలె ఓపిక లేదు. పిదికిన కొన్ని గంటలలో చల్లబరుపనిచో విరుగును. వెన్న శాతము కొలుచుట, నీరు కలిసెనా అని చూచుట, 4 డిగ్రీలకు చల్లబరచుట, 72 డిగ్రీల వేడిలో 15 క్షణము లుంచి మరల చల్లార్చుట, ప్రతి గొట్టమును దినదినము కడుగుట - ఇందులో ఏ ఒక్కటి తప్పినను మరునాటి ఉదయమే వినియోగదారుని పొయ్యిపై ఆ తప్పు బయటపడును. గ్రామ సంఘమున పాలు పరీక్షించు స్త్రీ తన పొరుగింటి స్త్రీ పాలకే వెల కట్టవలెను. కొలత తప్పిన యెడల నష్టము తమదే. అందువలననే అచ్చట నేర్పుట దానము కాదు, ఆత్మరక్షణము.

ఆదిలాబాదు అడవులలో మరియొక ఉదాహరణము. వేసవి ఆరంభమున తెల్లవారకముందే ఇప్పపూలు రాలును. గోండు, కోలాము స్త్రీలు గంపలతో ఏరి, ఎండబెట్టి, ఏడాది పొడవున దాచుకొందురు. లోకము ఆ పువ్వును సారా పేరుతోనే ఎరుగును. అడవి బిడ్డలకు అది కరవునాటి కూడు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సహకార సంఘముగా ఏర్పడి ఆ పూలతో లడ్డూలు చేయుచున్నారు. ఆదిలాబాదు స్త్రీలు ఇప్పపూలతో చేయు వంటకములను 2025 మార్చిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున ప్రస్తావించుటతో ఆ పేరు దేశమంతట వినబడినది.

ఇచ్చట గురుశిష్యులు తారుమారగుచుందురు. పూవు ఎంత ఎండిన దాచవచ్చునో, ఎట్టిది బూజు పట్టునో అడవి తల్లులకు తెలియును. అది పుస్తకములలో దొరకదు. తూకము, శుభ్రత, పొట్లముపై వ్రాయవలసిన వివరములు, 2006 నాటి ఆహార భద్రతా చట్టపు నియమములు వారు ఇతరులనుండి నేర్చుకొనిరి. పాత విద్యపై కొత్త విద్య నిలిచినది గాని దానిని తోసివేయలేదు. 1943లో మార్లవాయిలో హైమెండార్ఫు గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము నెలకొల్పి వారి భాషలోనే చదువు చెప్పించినప్పుడు ఋజువైన సత్యము ఉట్నూరు వంటశాలలో మరల ఋజువగుచున్నది. తెలిసినదానిమీదుగా తెలియనిదానికి తీసికొనిపోవుటయే విద్య.

సుల్తానాబాదు వడ్లు, ముత్యంపేట పాకము, ముల్కనూరు పాలు, ఉట్నూరు పూలు - ఈ నాలుగింటను ఉన్న పాఠము ఒక్కటియే. ఏ పదార్థమున ఎంత తడి ఎంతసేపు నిలువవచ్చునో తెలిసికొనుటయే ఆహార పరిశ్రమకు ఓనమాలు. ఆ తెలివి కొంత యంత్రములలో నున్నది, కొంత గ్రంథములలో నున్నది. అధికభాగము ఇంకను మనుష్యుల చేతులలోనే యున్నది. ఆ చేతులు ముసలివగుచున్నవి.

చేయదగిన పని

జర్మనీలో పిండిమర పనివాడు కాదలచిన యువకుడు మూడేండ్లు అప్రెంటిసుగా నుండును. కొన్ని దినములు మరలో, కొన్ని దినములు వృత్తి పాఠశాలలో గడుపును. తుదిని పరీక్ష వ్రాసి పనివాడని పేరు తెచ్చుకొనును. ఇంకను శ్రమించినచో మేస్టరగును. ఆ మాటయు మన మేస్త్రీయు ఒకే లాటిను మూలమునుండి పుట్టినవే. ఆ దేశపు సంపదను మనము తెచ్చుకొనలేకపోవచ్చును. ఆ ఏర్పాటును తెచ్చుకొనుటకు సంపద యక్కరలేదు.

మూడు పనులు జరుగదగినవి. చిన్న గిర్నులకు ఒక్కొక్కదానికి పాఠశాల నడుపు శక్తి లేదు. ఒక పట్టణపు గిర్నులన్నియు కలిసి, సమీపమున నున్న ఐ.టి.ఐ.తో చేయి కలిపి, అప్రెంటిసులను ఒడంబడికపై తీసికొనవచ్చును. పంటకాలమున గిర్నిలో పనియు, గిర్ని ఆగిన నెలలలో తరగతియు కాలమే సమకూర్చినట్లున్నది. రెండవది, నేర్పిన ఉస్తాదునకు నేర్పినందులకు ప్రత్యేక వేతన మీయవలెను. పరీక్షకుల పీఠమున అతనికి చోటుండవలెను. శిష్యుడు వచ్చుటచే తన కొలువు పోదనియు, తన గౌరవము పెరుగుననియు అతనికి నమ్మకము కలిగినప్పుడే దాచిన మెలకువ బయటికి వచ్చును.

మూడవది భాషాభిమానుల పని. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశములో భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయపు మాటలను, తరువాత 1971లో చేనేత మాటలను ఊరూర తిరిగి సేకరింపించి గ్రంథస్థము చేసిరి. నాగలికిని మగ్గమునకును జరిగిన ఆ ఉపకారము గిర్నికి జరుగవలసి యున్నది. నానిన వడ్లకు, మగ్గిన వడ్లకు, ఒరసిన బియ్యమునకు, పలుకునకు, నూకకు, చిట్టునకు ఉస్తాదులు వాడు మాటలను, వారు చెప్పు గుర్తులను సేకరించి తేట తెలుగున ఒక చిన్న పుస్తకము కూర్చినచో, అది పరీక్షకు పాఠమగును, కుర్రవానికి తోడగును. బీహారునుండి వచ్చిన బాలునికి దానినే హిందీలో చెప్పవచ్చును.

ఇవి జరిగిన దినమున సుల్తానాబాదు బాటలో దృశ్యము పెద్దగా మారదు. ఆ ఊకపొగయే, ఆ వాసనయే ఉండును. ఉస్తాదు పిడికెడు వడ్లు తీసి కుర్రవాని చేతిలో పోయును. కుర్రవాడు కొరికి, ఒక క్షణము ఆలోచించి, "టక్కుమని ఇరిగింది కాకా, ఇగ ఆడియ్యొచ్చు" అనును. ఆ మాట అతని పేరున ఒక పుస్తకములో నమోదగును. అంతే భేదము. ఆ నమోదుతో ఆ కుర్రవానికి, ఎప్పుడో జారిపోయిన ఆ పాత పేరు తిరిగి దక్కును.